ఆర్ద్ర దూరం పుస్తకానికో రకంగా ఎందుకుంది?

మేడం, నమస్తే.

మీరు ములుగు వైపు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తున్నారని, పిల్లలు ఆర్ద్ర నక్షత్రం (ఇంగ్లిష్‌లో బెటెల్‌జ్యూస్) దూరం వెతికితే ఒక పుస్తకంలో 430 కాంతి సంవత్సరాలు, ఇంకోదాంట్లో 640, ఫోన్‌లో చూస్తే ఒకచోట 548, మరోచోట 724 అని కనపడ్డాయని రాశారు. "ఎవరూ పోయి రాలేదు, టేపు పెట్టలేదు, అంతా అందాజే కదా మేడం" అని ఒకడు అంటే క్లాసంతా నవ్విందట. ఆ పిల్లవాణ్ణి కోప్పడకండి. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

సూటిగా చెప్పాలంటే ఆ నాలుగూ కొలిచి తెచ్చిన అంకెలే. ప్రతి కొలత వెంట "ఇంత అటూ ఇటూ" అని ఇంకో అంకె ఉంటుంది. పుస్తకాలు దాన్ని కత్తిరించి మొదటి అంకెను మాత్రం అచ్చేశాయి. ఆ రెండో అంకెను మళ్ళీ పక్కన పెట్టి చూస్తే నాలుగింటి మధ్య గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. ఎలాగో చెప్పాలంటే కొలిచే పద్ధతిలోకి కాస్త దిగాలి. జవాబు పొడుగ్గానే ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి.

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను బోర్డు జోలికి పోయేవాణ్ణి కాదు. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకుపోయేవాణ్ణి. దూరంగా ఏదో ఒక టవర్ మీద ఎర్ర లైటు కనిపిస్తుంది. కట్ట మీద టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర నిలబడి ఆ లైటు ఏ కోణంలో ఉందో చూడమనేవాణ్ణి. రెండు కోణాల తేడా తెలిస్తే దూరం వచ్చేస్తుంది, చెరువు దాటే పని లేదు. లైటు 2 కిలోమీటర్ల అవతల ఉందనుకోండి, తేడా సుమారు 1.43 డిగ్రీలు. మన పరికరం డిగ్రీలో పదో వంతు తప్పు చూపినా దూరం 1.87 కిలోమీటర్లకూ 2.15 కిలోమీటర్లకూ మధ్యనే వస్తుంది. పర్వాలేదు. అదే లైటు 20 కిలోమీటర్ల అవతల ఉంటే? ఇప్పుడు తేడా 0.143 డిగ్రీలే. అదే పదో వంతు తప్పుతో దూరం 12 కిలోమీటర్లూ రావచ్చు, 66 కిలోమీటర్లూ రావచ్చు.

పరికరం అదే, మనిషీ అతనే, జాగ్రత్తా అంతే. దూరం పెరిగేసరికి లెక్క చేతిలోంచి జారిపోయింది. ఇంకో సంగతి కూడా పిల్లలకు చూపించండి. ఆ తప్పు రెండు వైపులా సమానంగా లేదు. దగ్గరి వైపు 8 కిలోమీటర్లు తగ్గితే దూరం వైపు 46 కిలోమీటర్లు పెరిగింది. నక్షత్రాల దూరాల్లో సగం తగాదాలు ఇక్కడే పుడతాయి. కోణంలో తప్పు నిజాయితీగా అటూ ఇటూ ఒకేలా ఉన్నా, తిరగేసి దూరంగా మార్చేసరికి ఒకవైపు సాగిపోతుంది.

నక్షత్రాలకూ ఇదే పద్ధతి. పేరు పారలాక్స్. కట్ట మీది 50 మీటర్ల బదులు సూర్యుడి చుట్టూ భూమి తిరిగే కక్ష్య మనకు కొలబద్ద. దాని వ్యాసార్ధం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. ఆ వ్యాసార్ధానికి ఒక నక్షత్రం 1 ఆర్క్ సెకండు జరిగినట్టు కనిపిస్తే దాని దూరం 1 పార్సెక్, అంటే 3.26 కాంతి సంవత్సరాలు. డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకండు. అంత జరిగే నక్షత్రం ఒక్కటీ లేదు. సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అన్నింటికంటే దగ్గరిదైన ప్రాక్సిమా సెంటారీ కూడా 0.77 దగ్గరే ఆగిపోయింది. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని కొపర్నికస్ 1543లో అచ్చు వేయించాక, ఆ తిరుగుడు వల్ల నక్షత్రాలు జరగడం చూడటానికి దాదాపు 300 ఏళ్ళు పట్టింది. 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ 61 సిగ్ని అనే నక్షత్రానికి మొదటిసారి నమ్మదగ్గ కొలత తెచ్చాడు. ఆయనకు వచ్చింది 0.31 ఆర్క్ సెకండ్లు, ఇప్పటి లెక్క 0.286. ఆ కాలపు పరికరంతో అంత దగ్గరికి రావడం మామూలు విషయం కాదు.

ఆర్ద్ర సంగతికి వద్దాం. దాని పారలాక్స్ సుమారు 0.006 ఆర్క్ సెకండ్లు. వరంగల్‌లో నిలబడి ముంబైలో పెట్టిన రూపాయి బిళ్ళను చూస్తే ఆ బిళ్ళ అడ్డం ఎంత కోణం చేస్తుందో, అంత. ఎప్పుడు కొలవాలన్నదీ చిక్కే. మన వైపు రైతులకు ఆరుద్ర కార్తె బాగా తెలుసు, జూన్ 21, 22 తేదీల్లో మొదలవుతుంది. ఆ కార్తెలో ఆ చుక్క కనపడదు, సూర్యుడు సరిగ్గా ఆ దిక్కునే ఉంటాడు. చాలా పుస్తకాల్లో భూమిని జనవరిలో ఒక పక్క, జూలైలో ఇంకో పక్క గీసి వదిలేస్తారు. ఆర్ద్ర విషయంలో ఆ నెలలు పనికిరావు. దాని పక్కచూపు కదలిక ఎక్కువగా తెలిసేది సెప్టెంబర్ తెల్లవారుజామున, మార్చి సాయంత్రం. సూర్యుడికి ఆ నక్షత్రం లంబదిశలో ఉండేది అప్పుడే.

ఇంత సూక్ష్మమైన కోణం భూమి మీద నుంచి కొలవాలంటే గాలి అడ్డం వస్తుంది. అందుకే ఉపగ్రహాలు. ఐరోపా వాళ్ళ హిప్పార్కస్ 1989 నుంచి 1993 దాకా సుమారు 1,18,000 నక్షత్రాలను మిల్లీ ఆర్క్ సెకండు (ఆర్క్ సెకండులో వెయ్యో వంతు) స్థాయిలో కొలిచింది. తర్వాత 2013 డిసెంబర్‌లో వెళ్ళిన గయా 2025 జనవరి దాకా పనిచేసి, దాదాపు 180 కోట్ల నక్షత్రాలను పట్టుకుంది. బాగా కనిపించేవాటికి దాని తప్పు మిల్లీ ఆర్క్ సెకండులో యాభయ్యో వంతు. గయా జాబితా మీరు తెరిస్తే కొన్ని నక్షత్రాలకు పారలాక్స్ మైనస్‌లో ఉంటుంది, టెన్షన్ పడకండి. కోణం కంటే తప్పు పెద్దదైనప్పుడు కొలత సున్నాకు అటుపక్క కూడా పడుతుంది. దాన్ని దాచకుండా అచ్చేయడమే సరైన పద్ధతి.

మరి గయా ఇంత గొప్పదైతే ఆర్ద్ర దూరం ఒక్క దెబ్బతో తేల్చేయొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. రెండు అడ్డంకులు. మొదటిది, ఆర్ద్ర వెలుగు గయా కెమెరాకు మరీ ఎక్కువ. రెండోది అసలైనది. ఆర్ద్ర చుక్కలా కనిపించినా చుక్క కాదు, దానికి కొలవదగ్గ పళ్ళెం ఉంది. 1920లో మైకెల్సన్, పీజ్ కలిసి మౌంట్ విల్సన్‌లోని 100 అంగుళాల టెలిస్కోప్ మీద 20 అడుగుల దూలం బిగించి ఆ పళ్ళెం అడ్డం 0.047 ఆర్క్ సెకండ్లని కొలిచారు. సూర్యుడు కాకుండా వేరే నక్షత్రం సైజు నేరుగా కొలవడం అదే మొదటిసారి. ఇప్పుడు సుమారు 0.042 అంటున్నారు. అంటే నక్షత్రం జరిగే జరుగుడు కంటే నక్షత్రమే ఏడు రెట్లు పెద్దగా కనిపిస్తోంది. పైగా దాని ఉపరితలం కుతకుత ఉడుకుతూ ఉంటుంది. పెద్ద పెద్ద వెలుగు మచ్చలు పుడతాయి, పోతాయి. ఎడమ పక్క మచ్చ వెలిగితే వెలుగు నడిబొడ్డు ఎడమకు జరిగినట్టు, కుడి పక్క వెలిగితే కుడికి జరిగినట్టు ఉంటుంది. భూమి కక్ష్య వల్ల వచ్చిన కదలిక ఏది, ఆ మచ్చల వల్ల వచ్చింది ఏది అని విడదీయడమే తలనొప్పి.

ఇప్పుడు మీ నాలుగు అంకెలు చూడండి. 430 అనేది హిప్పార్కస్ 1997లో అచ్చేసిన కొలత: 7.63 మిల్లీ ఆర్క్ సెకండ్లు, 1.64 అటూ ఇటూ. దూరంగా మారిస్తే 427 కాంతి సంవత్సరాలు, కానీ 350 నుంచి 545 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 640 అనేది 2008 నాటిది. హిప్పార్కస్ కొలతకు రేడియో టెలిస్కోప్ కొలతలు జోడించి తెచ్చింది, 500 నుంచి 790 దాకా. మరిన్ని రేడియో కొలతలు కలిపి 2017లో తెచ్చిన 724 వెనక 615 నుంచి 880 దాకా ఉంది. 548 దారి వేరు. 2020లో మెరిడిత్ జాయిస్ బృందం ఆర్ద్ర వెలుగు పెరిగి తగ్గే లయను నక్షత్ర నిర్మాణ లెక్కలతో పోల్చి, ఆ లయతో ఊగాలంటే ఇది ఎంత పెద్దదై ఉండాలో తేల్చి, ఆ సైజుకూ కనిపించే పళ్ళేనికీ లంకె పెట్టి దూరం లాగారు. అది 500 నుంచి 640 దాకా. నాలుగు సాగదీతలూ పక్కపక్కన గీస్తే హిప్పార్కస్‌ది ఒకటి కిందికి, 2017ది ఒకటి పైకి పోయినా, మిగతావి ఒకదాన్నొకటి తాకుతూనే ఉన్నాయి. నన్నడిగితే పిల్లలకు "సుమారు 550, కానీ 500 నుంచి 700 దాకా ఎక్కడైనా ఉండొచ్చు" అని చెప్పండి. 548 అని మూడో అంకెదాకా బట్టీ పట్టించడం మాత్రం వద్దు.

దూరం తేలకపోతే నక్షత్రం గురించి మిగతా లెక్కలు కూడా తేలవు. పిల్లలతో చేయించదగ్గ లెక్క ఒకటుంది. ఆర్క్ సెకండ్లను పార్సెక్‌లతో గుణిస్తే జవాబు నేరుగా భూమి-సూర్యుల దూరాల్లో వస్తుంది. ఆర్ద్ర పళ్ళెం 0.042. దూరం 548 కాంతి సంవత్సరాలంటే 168 పార్సెక్‌లు. గుణిస్తే 7. అంటే వ్యాసార్ధం మూడున్నర. ఆర్ద్రను తెచ్చి సూర్యుడి చోట పెడితే అంగారకుడు లోపలికి పోతాడు, బృహస్పతి బయట ఉంటాడు. అదే 724 పట్టుకుంటే వ్యాసార్ధం 4.7 దాకా పోతుంది. వెలుగు విషయంలో ఇంకా ఘోరం, అది దూరం వర్గంతో పెరుగుతుంది. 427కూ 724కూ తేడా 1.7 రెట్లే అయినా, ఆ నక్షత్రం వెలుగు లెక్కలో అది దాదాపు మూడు రెట్ల తేడా.

ద్రవ్యరాశి దగ్గర దూరం ఘనమై కూర్చుంటుంది. సిరియస్, అదే మన మృగవ్యాధుడు, జంట నక్షత్రం. ఒకదాని చుట్టూ ఒకటి 50 ఏళ్ళకోసారి తిరుగుతాయి. కక్ష్య సగం పొడవు ఆకాశంలో 7.5 ఆర్క్ సెకండ్లు. పారలాక్స్ 0.379తో భాగిస్తే భూమి-సూర్యుల దూరానికి 19.8 రెట్లు. దాన్ని ఘనం చేసి, 50.1 వర్గంతో భాగిస్తే 3.09. రెండు నక్షత్రాలూ కలిపి సూర్యుడికి మూడింతలకు కొంచెం పైన బరువు. పదో తరగతి పిల్లలు కాలిక్యులేటర్ మీద చేయగల లెక్క ఇది, ఒక నక్షత్రాన్ని తూకం వేసినట్టే. దూరంలో 10 శాతం తప్పు వస్తే ఈ బరువులో 30 శాతం పైగా తప్పు వస్తుందని కూడా వాళ్ళతోనే వేయించండి.

దూరంతో పని లేకుండా తెలిసేది ఉష్ణోగ్రత. అది రంగులో, వర్ణపటంలో ఉంటుంది. ఆర్ద్ర ఎర్రగా సుమారు 3,500 కెల్విన్లు, ఆర్ద్ర ఉన్న ఓరియన్ (వేటగాడు) నక్షత్ర సమూహంలోనే కాళ్ళ దగ్గర నీలంగా మెరిసే రైజెల్ సుమారు 12,000. వర్ణపటంలోని నల్లగీతలు ఏ ఉష్ణోగ్రతకు ఎంత ముదురుగా ఉంటాయో లెక్కగట్టే సమీకరణం 1920లో మేఘనాథ్ సాహా ఇచ్చాడు. దాని ఆధారంగానే 1925లో సిసిలియా పేన్ నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనే అని చూపించింది.

పంచాంగంలో కృత్తిక, రోహిణి, ఆర్ద్ర దగ్గర దగ్గరగా వస్తాయి కాబట్టి అవి ఇరుగుపొరుగు అని పిల్లలు అనుకుంటారు. దిక్కు మాత్రమే దగ్గర. రోహిణి 65 కాంతి సంవత్సరాలు, కృత్తికలు సుమారు 440. పెద్దవాళ్ళు పిల్లలకోడి అనే ఈ కృత్తికల మీద కూడా పెద్ద పంచాయితీ నడిచింది. హిప్పార్కస్ వాటిని 390 దగ్గర పెట్టింది, మిగతా పద్ధతులన్నీ 430 పైన చెప్పాయి. 20 ఏళ్ళ వాదన తర్వాత గయా వచ్చి 440 పక్షానే నిలబడింది. ఉపగ్రహం చెప్పిందే వేదం అనుకోవద్దని నేను క్లాసులో ఈ కథ చెప్పేవాణ్ణి.

పారలాక్స్ మన పాలపుంతలో కొంత దూరం దాకే. గెలాక్సీల దాకా పోవాలంటే ఇంకో దారి కావాలి, ఆ దారి వేసినావిడ హెన్రియెట్టా లెవిట్. హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఫొటో పలకల మీద చుక్కల వెలుగు కొలిచే ఉద్యోగం ఆమెది. చిన్న మెజెల్లాన్ మబ్బు అనే పక్క గెలాక్సీ పలకలు పెరూలోని అరెకిపా నుంచి వచ్చేవి. ఆ మబ్బు మన వరంగల్ ఆకాశంలో కూడా దిగంతం పైకి రాదు, అంత దక్షిణాన ఉంటుంది. అందులో కొన్ని నక్షత్రాలు రోజుల లెక్కన పెరిగి తగ్గుతుంటాయి, వాటిని సెఫీడ్లు అంటారు. 1912లో ఆమె 25 సెఫీడ్లు పట్టుకుని, ఎక్కువ వెలుగున్నవి నిదానంగా, తక్కువ వెలుగున్నవి త్వరగా ఊగుతున్నాయని గీతగీసి చూపించింది. ఇక్కడ కీలకం ఏమిటంటే అవన్నీ ఒకే మబ్బులో ఉన్నాయి, అంటే మన నుంచి దాదాపు ఒకే దూరం. కాబట్టి కనిపించే వెలుగు తేడా అసలు వెలుగు తేడానే. ఇక ఎక్కడైనా ఒక సెఫీడ్ దొరికితే దాని లయ చూసి అసలు వెలుగు, కనిపించే వెలుగుతో పోల్చి దూరం. దగ్గరి సెఫీడ్ల పారలాక్స్ ఒక్కటి తెలిస్తే చాలు, మొత్తం కొలబద్దకు అంకెలు పడతాయి.

1923 అక్టోబర్‌లో హబుల్ ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్ పట్టాడు, లయ 31 రోజులు. దూరం 9 లక్షల కాంతి సంవత్సరాలని లెక్క తేలింది. ఆండ్రోమెడా మన పాలపుంతలో మబ్బు కాదని, వేరే గెలాక్సీ అని దాంతో ఖాయమైంది. కానీ ఇవాళ ఏ పుస్తకం చూసినా 25 లక్షలు. మీ పిల్లవాడు ఇది చూసుంటే ఇంకా గట్టిగా అడిగేవాడు. హబుల్ కొలవడంలో పెద్ద పొరపాటు లేదు. సెఫీడ్లు రెండు రకాలని అప్పటికి తెలియదు. ఒకే లయలో ఊగినా ఒక రకం రెండోదాని కంటే నాలుగో వంతు వెలుగే ఇస్తుంది. తక్కువ వెలుగు రకానికి వేసిన అంకెలతో ఎక్కువ వెలుగు రకాన్ని కొలిచారు. 1952లో వాల్టర్ బాడె ఈ సంగతి చెప్పాక గెలాక్సీల దూరాలన్నీ ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. ఏదో తేడాగా ఉందన్న అనుమానం మాత్రం ముందునుంచే ఉంది. పాత దూరాలతో విశ్వం వయసు 200 కోట్ల ఏళ్ళే వచ్చేది. మన హనుమకొండ గుట్టల గ్రానైటే దాదాపు 250 కోట్ల ఏళ్ళది. రాయి కంటే విశ్వం చిన్నదెలా అవుతుంది?

ఆండ్రోమెడాను మీ పిల్లలకు తప్పకుండా చూపించండి. వరంగల్ నడిబొడ్డులో కష్టం గానీ, మీ ములుగు వైపు, లక్నవరం దగ్గర, పాకాల అడవి అంచున నవంబర్ రాత్రి చంద్రుడు లేనప్పుడు ఉత్తరం వైపు ఎత్తుగా మసకమరకలా మామూలు కంటికే దొరుకుతుంది. ఫొటోల్లో దాని పొడవు సుమారు 3 డిగ్రీలు. దూరం 25 లక్షలు. పొడవెంతో వాళ్ళనే లెక్కేయమనండి, లక్షా 30 వేల కాంతి సంవత్సరాలు వస్తుంది.

ఇంకా అవతలికి పోతే సెఫీడ్లు కూడా కనపడవు. అక్కడ పనికొచ్చేవి 1ఎ రకం (టైప్ Ia) సూపర్‌నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు. శ్వేత కుబ్జ నక్షత్రం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) చంద్రశేఖర్ చెప్పిన హద్దు, అంటే సూర్యుడికి 1.4 రెట్ల బరువు దగ్గరికి వచ్చి పేలడం అనేది మామూలుగా చెప్పే కథ. అన్నీ అచ్చంగా ఒకేలా పేలవు. కానీ ఎక్కువ వెలిగినవి నిదానంగా ఆరుతాయి, ఆ ఆరే వేగం చూసి సరిచేసుకోవచ్చు. 1998లో విశ్వం వ్యాకోచం వేగం పుంజుకుంటోందని తేలింది వీటితోనే. వీటికి అంకెలు వేసేది సెఫీడ్లు, సెఫీడ్లకు అంకెలు వేసేది పారలాక్స్. కింద ఒక శాతం తప్పు ఉంటే అది పైదాకా మోసుకుపోతుంది. ఇప్పుడు నడుస్తున్న పెద్ద తగాదా కూడా ఇదే. సెఫీడ్లు, సూపర్‌నోవాల దారిలో విశ్వం వ్యాకోచించే రేటు (ప్రతి పది లక్షల పార్సెక్‌ల దూరానికి సెకండుకు ఇన్ని కిలోమీటర్లు అని లెక్క) సుమారు 73 వస్తోంది, తొలినాటి విశ్వం వదిలిన మైక్రోవేవ్ కాంతి నుంచి లెక్కిస్తే 67.4. ఆర్ద్ర విషయంలో సాగదీతలు ఒకదాన్నొకటి తాకాయని చెప్పాను కదా, ఇక్కడ తాకడం లేదు. అందుకే దీని మీద ఇంత పని జరుగుతోంది. నా మటుకు నాకు ఇది కొలతల పొరపాటుగా అనిపించడం తగ్గుతూ వస్తోంది, కానీ పందెం కాయను.

ఇదంతా ఎక్కడో జర్మనీ, అమెరికా కథ అనుకోకుండా పిల్లలకు హైదరాబాద్ సంగతి చెప్పండి. 1901లో మొదలై తర్వాత బేగంపేటకు మారిన నిజామియా అబ్జర్వేటరీ, ప్రపంచ దేశాలన్నీ కలిసి ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీసిన పెద్ద పనిలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ తన వంతుగా తీసుకుని లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చేసింది. అక్కడ పనిచేసిన ఒకాయన కొడుకే వేణు బాపు. 1957లో ఆయన, ఓలిన్ విల్సన్ కలిసి చల్లటి నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం గీత నడుమ ఉండే సన్నని వెలుగు ఎంత వెడల్పో చూసి నక్షత్రం అసలు వెలుగు చెప్పొచ్చని కనిపెట్టారు. విల్సన్-బాపు ప్రభావం అని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అంటే దూరం కొలిచే పద్ధతుల్లో ఒకదాని మీద నిజాం కాలేజీలో చదివిన మనిషి పేరుంది.

చివరగా ప్రాజెక్టు గురించి అడిగారు. ఆర్ద్ర వద్దు, డెల్టా సెఫీ పెట్టుకోండి. సెఫీడ్లకు ఆ పేరు వచ్చిందే దాని వల్ల. అక్టోబర్ చివర నుంచి నవంబర్ దాకా రాత్రి 7, 8 గంటలకు ఉత్తరం వైపు ఆకాశంలో సగం ఎత్తున ఉంటుంది, టెలిస్కోప్ అక్కర్లేదు. పక్కనే జీటా సెఫీ, ఎప్సిలాన్ సెఫీ చిన్న త్రిభుజంలా ఉంటాయి. జీటా ప్రకాశం 3.4, ఎప్సిలాన్ 4.2, ఇవి మారవు. మనది 3.5కూ 4.4కూ మధ్య ఊగుతుంది. మాగ్నిట్యూడ్‌లో, అంటే ఈ ప్రకాశం కొలతలో, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు అని ముందే చెప్పండి, లేకపోతే గ్రాఫ్ తలకిందులుగా వేస్తారు. రోజూ ఒకే వేళకు చూసి, ఆ రెండింటితో పోల్చి అంకె రాసుకోవాలి, పక్కవాడి పుస్తకంలో చూడకుండా. పైకి ఎక్కడం త్వరగా, దిగడం నిదానంగా ఉంటుంది, నాలుగైదు ఆవృత్తాలు చూస్తే లయ చేతికి వస్తుంది. అసలు లయ 5.37 రోజులు.

అక్కడి నుంచి దూరం లెక్క. లయ లాగరిథమ్ లోంచి 1 తీసేసి −2.43తో గుణించి −4.05 కలపండి, అసలు వెలుగు సుమారు −3.4 వస్తుంది. సగటున కనిపించేది 3.95. తేడా 7.34. దాన్ని 5తో భాగించి 1 కలిపి, 10ని అంత ఘాతానికి ఎత్తితే 294 పార్సెక్‌లు, అంటే 960 కాంతి సంవత్సరాలు. ఇక్కడ ఆపకండి. దారిలో ధూళి ఉంది, అది వెలుగును సుమారు 0.24 మాగ్నిట్యూడ్ తగ్గిస్తోంది. అది తీసేస్తే తేడా 7.10, దూరం 860కి దిగుతుంది. కంటికి కనపడని ధూళి 100 కాంతి సంవత్సరాలు కలిపేసింది. హబుల్ టెలిస్కోప్‌తో నేరుగా కొలిచిన పారలాక్స్ దూరం సుమారు 890. బాగా కలిసిందని సంబరపడకండి, ఆ −2.43, −4.05 తయారు చేసిన పది సెఫీడ్లలో ఇదీ ఒకటి, కాబట్టి కలవకపోతేనే ఆశ్చర్యం.

పిల్లల గ్రాఫుల్లో లయ ఒకరికి 5.1, ఇంకొకరికి 5.7 వస్తుంది. మీకు 5.37 తెలుసు కదా అని ఎర్ర పెన్ను పెట్టి దిద్దకండి. క్లాసులో వచ్చిన అంకెలన్నీ బోర్డు మీద వరసగా రాయించండి, సగటు, పైదీ కిందిదీ వాళ్ళనే తీయమనండి. అందాజే కదా అని అడిగిన పిల్లవాడికే చాక్‌పీసు ఇవ్వండి.